కుక్క సంగతి చూడొచ్చిన పెద్దాయన

ఆయన నంబరు నుంచి ఫోన్ వచ్చేసరికి నేను చైతన్యపురిలో మా కోచింగ్ సెంటర్ స్టాఫ్ రూములో చేతులకంటిన సుద్దపొడి కడుక్కుంటున్నాను. తడిచేత్తోనే ఎత్తి, "చెప్పండి సార్, ఈసారి ఎక్కడ?" అన్నాను. ఆయన నాకు ఫోన్ చేశారంటే ఎక్కడో ఏదో ఒక కుక్క కష్టంలో ఉందన్నమాటే.

అవతల ఆడగొంతు వినిపించింది.

"అమ్మా, నేను సార్ వాళ్ళింటామెను. సార్ పోయిండమ్మా. మొన్న శనివారం పొద్దుగాల. గుండె ఆగిందన్నరు."

కుళాయి కట్టేశాను. ఆమే మళ్ళీ అంది. "మీ పేరు నాకు తెల్వది. ఫోన్ల 'డాబా మీద కుక్క మేడం' అని రాసుకున్నడు. అందరివి గట్లనే ఉన్నయి. ఎవరెవరో ఏం సమజైతలేదు. వరసబెట్టి చేస్తున్న. వచ్చే మంగళారం పదకొండొద్దులు. రాండ్రి."

నాలుగేళ్ళు ఆయన వెంట తిరిగాను. ఆయన చెప్పినవన్నీ టైపు చేసిపెట్టాను. నా పేరు ఆయనకి నిలవలేదంటే ఆశ్చర్యం కలగలేదు. మనుషుల పేర్లేవీ నిలిచేవి కావు. కుక్కల పేర్లు మాత్రం ఒక్కటి కూడా మరిచిపోయేవారు కాదు.

ఆయన పశువుల దవాఖానలో అటెండరుగా పనిచేసి రిటైరయ్యారు. ఎవరైనా డాక్టర్ సాబ్ అని పిలిస్తే అక్కడికక్కడే దిద్దేవారు. "డాక్టర్ను గాను. డాక్టర్ సాబ్ సూది అడిగితే చేతికందిచ్చినోణ్ణి." రిటైరయ్యాక, జంతువుల బాగోగులు చూసే ఒక చిన్న సంస్థ వాళ్ళు ఆయన్ని పిలిచారు. పెంపుడు కుక్కను కొడుతున్నారనో, పస్తులు పెడుతున్నారనో వాళ్ళకి ఫోన్లు వస్తాయి. అవి నిజమో కాదో ముందుగా వెళ్ళి చూసిరావడం ఆయన పని. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా, అటు అల్మాస్‌గూడ, బాలాపూర్ వరకూ ఆయన వంతు.

వాళ్ళిచ్చిన గుర్తింపు కార్డును మెడలో వేసుకునేవారు కాదు. "కార్డు చూస్తే మనుషులు కుక్కను దాస్తరు మేడం. నన్ను చూస్తే ఏమనుకోరు" అనేవారు. నిజమే, చూస్తే ఎవరూ ఏమీ అనుకోని మనిషి. పొట్టిగా, నెరిసిన మీసంతో, లేతనీలం చొక్కాతో, చంకకి ఒక గుడ్డసంచి తగిలించుకుని ఉండేవారు. ఆ సంచిలో చిన్న కత్తెర, దూది, మందు సీసా, రకరకాల సైజుల మెడపట్టీలు. విచారణకి వెళ్ళిన ఇంట్లో చాయ్ ముట్టేవారు కాదు. ఇంటివాళ్ళు బలవంతపెడితే, "పని ఒడిసినంక తాగుత" అనేవారు. ఆ మాట నిలబెట్టుకునేవారు కూడా. నెలా రెండు నెలల తర్వాత, కుక్క కోలుకున్నాక, ఏదో ఒక పొద్దున ఆ గేటు ముందు ప్రత్యక్షమై, "ఇగ చాయ్ పొయ్యిండ్రి" అనేవారు.

నాకు ఆయనతో పరిచయం నాలుగేళ్ళ కిందటి ఎండాకాలంలో. మాది తెనాలి వైపు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఎల్బీ నగర్ వెనక కాలనీలో మూడో అంతస్తులో ఉంటున్నాం. మా వంటింటి కిటికీలోంచి చూస్తే వెనకింటి డాబా కనిపిస్తుంది. ఆ డాబా మీద నీళ్ళ ట్యాంకు పైపుకి గొలుసుతో ఒక గోధుమరంగు నాటుకుక్క కట్టేసి ఉండేది. పైన నీడ లేదు. ట్యాంకు నీడ ఎటు జరిగితే అటు జరుగుతుండేది. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఎప్పటి నుంచి ఉందో గమనించలేదు, కంటపడ్డాక నాలుగు రోజులు చూశాను. వీడియో తీశాను. మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టేద్దామనుకుంటుండగా, మా సెంటర్లో ఫిజిక్స్ చెప్పే ఆవిడ ఈ పెద్దాయన నంబరిచ్చింది.

మర్నాడు పొద్దున ఏడింటికల్లా రెండు బస్సులు మారి వచ్చారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, సరాసరి వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళి పది నిమిషాలు ఊరికే చూశారు. తర్వాత ఒక్కొక్కటే అడిగారు.

"ఎన్నొద్దుల సంది చూస్తున్నరు?"

"నాలుగు రోజుల నుంచండీ."

"ఏయే యాల్లకు?"

"పొద్దున క్లాసుకి వెళ్ళేముందు. మళ్ళీ సాయంత్రం వచ్చాక."

"ఏం చూసిన్రు?"

"దానికి తిండి పెట్టట్లేదండీ. కనిపిస్తూనే ఉంది కదా."

"పెడ్తలేరని చూసిన్రా, పెట్టంగ చూడలేదా?"

"రెండూ ఒకటే కదండీ" అన్నాను కాస్త కోపంగా.

"ఒకటి గాదు మేడం" అన్నారు ఆయన నెమ్మదిగా.

లెక్కలు చెప్పేదాన్ని. పిల్లలు లెక్కలో ఇచ్చినదాన్నీ, తాము ఊహించినదాన్నీ కలిపేస్తే మార్కులు కోసేదాన్ని.

"వీడియో ఎవరికన్న పంపిన్రా?"

"ఇంకా లేదు. ఇవాళ గ్రూపులో పెడదామని."

"మూడొద్దులు ఆగుండ్రి."

"మూడు రోజుల్లో అది చచ్చిపోతే?"

ఆయన మళ్ళీ కిటికీలోంచి చూశారు. పిట్టగోడ మీద కాకి వాలితే కుక్క తలెత్తి మొరిగింది. "చావది. తోక లేస్తుంది, చూడుండ్రి. చచ్చెటట్టుంటే ఇప్పుడే గోడ దుంకుత" అన్నారు. అరవై దాటిన ఆ మనిషి ఆ గోడ దూకడం ఊహించుకుని నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం ఒకసారి, మర్నాడు పొద్దు వాలేవేళ ఒకసారి వచ్చి మా కిటికీలోంచి చూసి వెళ్ళారు. మూడో రోజు పొద్దున్నే వచ్చి, "మీరు గూడ రాండ్రి" అన్నారు. "నేనెందుకండీ? నేను చెప్పినట్టు వాళ్ళకి తెలిసిపోతుంది" అన్నాను. "తెలిస్తే తెల్వనీ. ఫిర్యాదు చేసినోళ్ళు గూడ దగ్గరికెల్లి చూడాలె" అన్నారు.

ఆ ఇంటి మెట్ల దగ్గర ఆయన ఆగారు. రెయిలింగు పట్టుకున్న చెయ్యి వణకడం చూశాను. నుదుటి మీద చెమట.

"ఒంట్లో బాగాలేదా సార్?"

"మంచిగనే ఉన్న. భయం."

"దేనికి?"

"కుక్కకు. చిన్నప్పుడు పిక్క పట్టింది. బొడ్డు చుట్టు పద్నాలుగు సూదులు పొడిచిన్రు. దవాఖానల ఇన్నేండ్లు చేసిన గని పోలె."

"మరి ఈ పనెందుకు పెట్టుకున్నారు?"

ఆయన చొక్కా చేతితో చెమట తుడుచుకున్నారు. "అది గూడ భయపడ్తది గద మేడం. ఇద్దరం భయపడుకుంట జరసేపు కూసుంటం. ఎనకసీరి ఎవరికో ఒకరికి తగ్గుతది."

పైకెక్కాక అచ్చం అలాగే చేశారు. కుక్క గొలుసు లాక్కుంటూ మొరుగుతుంటే, దానికి అందనంత దూరంలో, దాని వైపు వీపు పెట్టి నేల మీద కూర్చున్నారు. దాన్ని చూడలేదు, పిలవలేదు. డాబా అప్పటికే కాలడం మొదలైంది. ఎంతసేపటికో కుక్క మొరుగుడు ఆపి, గొలుసు సాగినంత మేరా వచ్చి ఆయన వీపు వైపు ముక్కు చాచి వాసన చూసింది. అప్పటికీ ఆయన కదల్లేదు. ఆయన మెడ మీద నరం మాత్రం కొట్టుకుంటోంది.

ఆ ఇంటామె మెట్ల దగ్గరే నిలబడి చూస్తోంది. ముప్పై ఐదేళ్ళుంటాయి. దేవరకొండ దగ్గర పల్లె. భర్త స్కూలు బస్సు నడుపుతాడు. ఆమె దిల్‌సుఖ్‌నగర్లో ఒక చీరల దుకాణంలో సేల్స్‌గర్ల్. పనికి వెళ్ళడానికి తయారై, భుజాన బ్యాగుతో ఉంది.

"మా కుక్కను మేం సంపుకుంటున్నమని ఎవలన్న చెప్పిన్రా సార్? బాలాపూర్ గణపతి నిమజ్జనం నాడు వానల తడుసుకుంట దొరికింది. చేతుల పెట్టుకోని తెచ్చిన. లడ్డు అని పేరు పెట్టింది గూడ అందుకే, ఆనాడే గద ఆడ లడ్డు వేలం. పొద్దుగాల ఐదింటికి పాలన్నం పెడ్తున్న. పగటికి గిన్నెల ఏసి పోతున్న. రాత్రి ఒచ్చి మల్ల పెడ్తున్న. అడుగుండ్రి ఎవల్నన్న."

నేను ఆయన వైపు చూడలేకపోయాను. పొద్దున ఐదింటికి నేనెప్పుడూ ఆ కిటికీ తియ్యలేదు.

"పెడ్తున్నవు, నిజమే" అన్నారాయన. "పగటన్నం కాకులు తింటున్నయి. నీళ్ళు పగటికి ముంగటనే ఎండిపోతున్నయి. మొన్న పన్నెండింటికి ఉత్త గిన్నె నాకుతుండె. ఒల్లంత గోమార్లున్నయి. చెవుల చూడు." మెల్లగా కుక్క పక్కకి జరిగి చెవి మడత తిప్పి చూపించారు. బఠాణీ గింజల్లా రక్తం తాగి ఉబ్బిన పిడుదులు. "జరమున్నట్టుంది. అందుకే ఎంత తిన్న ఒంటికి పడ్తలేదు. ఇటు రా బిడ్డా. ఈ పట్టా ఎప్పుడు కట్టినవు?"

"చిన్నగున్నప్పుడు సార్."

"కుక్క పెరిగింది. పట్టా పెరిగిందా?"

ఆమె చూపుడువేలు పట్టుకుని, కుక్క మెడకీ పట్టీకీ మధ్య పెట్టించారు. వేలు దూరలేదు. బొచ్చు కింద పట్టీ చర్మంలోకి కోసుకుపోయి ఉంది. ఆమె వేలు తీసి చూసుకుంది. తడిగా, ఎర్రగా ఉంది. "అయ్యో నా లడ్డూ" అంటూ అక్కడే కూలబడిపోయింది. కుక్క ఆమె మోచెయ్యి నాకింది.

ఆయన ఆమెను ఓదార్చలేదు. "ఇది నీ తప్పు. కావాలని చేసినవని అంటలేను. గని నీదే" అన్నారు. తర్వాత సంచిలోంచి కత్తెర తీసి, ఊపిరి బిగబట్టి, ఆ పట్టీని కొంచెం కొంచెంగా కత్తిరించారు. చెయ్యి వణుకుతూనే ఉంది, కత్తెర మాత్రం తప్పలేదు. గాయం కడిగి మందు రాశాక అడిగారు.

"ముందు కిందనే ఉంటుండె గద? ఎప్పటి సంది పైన కట్టేసిన్రు?"

"శివరాత్రి ముంగటి సంది సార్." ఆమె కళ్ళు తుడుచుకుని మా అపార్ట్‌మెంటు వైపు చెయ్యి చూపించింది. "గాళ్ళు అందరు సంతకాలు పెట్టి మా ఓనరుకు కాయితం ఇచ్చిన్రు. కుక్క బండ్ల ఎంబడి పడ్తుందట. కుక్కనన్న పంపుండ్రి, ఇల్లన్న ఖాళీ చెయ్యిండ్రి అన్నడు ఓనరు. ఏడికి పంపాలె? పంపినమని అబద్ధం చెప్పి పైన కట్టేసినం. రేకు కప్పితే రోడ్డు మీదికెల్లి కనబడ్తదని నీడ గూడ ఎయ్యలె. మొరిగినప్పుడల్ల నా పానం పోతది, ఓనరుకు తెలుస్తదని."

ఆ కాగితం నాకు గుర్తొచ్చింది. లిఫ్టు దగ్గర మా అసోసియేషన్ సెక్రటరీ, "మేడం, కుక్కల గోల గురించి, ఒక్క సంతకం" అన్నారు. క్లాసుకి ఆలస్యమవుతోంది. మోచేతికి టిఫిన్ బ్యాగు. ఆయన పెన్ను తీసుకుని, గోడకి ఆనించి, ఏముందో చదవకుండా సంతకం గీకేశాను.

ఆ పూటే లడ్డుని ఆటోలో పశువుల దవాఖానకి తీసుకెళ్ళాం. వెనకసీట్లో ఆమె, నేను, మా ఇద్దరి ఒళ్ళో కుక్క. పెద్దాయన డ్రైవరు పక్కన ముడుచుకుని కూర్చుని, దారంతా వెనక్కి తిరగలేదు. పిడుదుల వల్ల వచ్చే జ్వరమేనని డాక్టరు చెప్పారు. ఇంకో వారం ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. ఆమె ఆ రోజు దుకాణానికి సెలవు చెప్పి కుక్కతో అక్కడే ఉండిపోయింది.

తిరిగి వస్తూ ఎల్బీ నగర్ చౌరస్తాలో దిగాం. ఆయన బస్సు కోసం నిలబడ్డారు. నేను వెళ్ళిపోవచ్చు. ఆయన పక్కనే నిలబడ్డాను.

"సార్, ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉందండీ."

"ఉంటదనుకున్న."

"ఎలా అనుకున్నారు?"

"దగ్గరున్నోల్లే గద సంతకం పెట్టేది. మల్ల దగ్గరున్నోల్లే ఫోన్ చేసేది." ఆయన మాటలో ఎత్తిపొడుపు లేదు. బస్సు నంబరు చెప్పినట్టు చెప్పారు. "శానామంది సంతకం పెట్టి ఊకుంటరు. మీరు ఫోన్ గూడ చేసిన్రు."

అప్పుడే నన్ను మూడు రోజులు ఎందుకు ఆగమన్నారో చెప్పారు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక వీడియో ఊరంతా తిరిగిందట. ఒక ముసలామె కుక్కను కర్రతో కొడుతున్న వీడియో. అందరూ తిడుతున్నారని ఈయన మొదటిరోజే వెళ్ళి కుక్కను విడిపించి, కుక్కల్ని ఉంచే చోట అప్పగించి వచ్చారు. తర్వాత తెలిసింది, ఆ ముసలామెకి చూపు ఆనదు, వంటింట్లో దూరిన పాము మీదికి ఉరుకుతున్న కుక్కను కర్రతో పక్కకి తోలుతోందని, దెబ్బ ఎక్కడ పడుతోందో ఆమెకి కనిపించదని. తిరిగి ఇప్పిద్దామని వెళ్ళేసరికి కుక్క లేదు. తొమ్మిది రోజులు గేటు వైపు చూస్తూ ఏమీ ముట్టకుండా పోయిందట.

"ముసలామెకు చెప్పనీకి నేనే పోయిన" అన్నారు. "కొట్టలె. తిట్టలె. దాని ఎముకలన్న తెచ్చిస్తవా అని అడిగింది. ఏడ పూడ్చిన్రో ఎవరికి యాదికి లేదు."

బస్సు వచ్చింది. ఎక్కేముందు, "ఆ ఇంటి ఓనరుతోని, మీ అసోసియేషన్ తోని మాట్లాడుడు నా చేతుల లేదు మేడం. మీ చేతుల ఉంది" అన్నారు.

ఆ ఆదివారం మీటింగులో లేచి, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. నా వీడియో అందరికీ చూపించాను. అప్పటికి ఆ వీడియోలో నేను చూస్తున్నది వేరే. "ఇది వాళ్ళు చేసింది మాత్రమే కాదు, మనం చేయించింది" అన్నాను. సెక్రటరీ మొహం ముడుచుకున్నారు. ఒకాయన, "మీరే గదండీ మొదట సంతకం పెట్టింది" అని నవ్వారు. నిజమేనని ఒప్పుకున్నాను. మూడు మీటింగులు పట్టింది. చివరికి కుక్క గేటు లోపలే ఉండాలి, పొద్దునా సాయంత్రం గొలుసుతో తిప్పాలి అన్న ఒప్పందంతో ఇంటి ఓనరు మెత్తబడ్డాడు. లడ్డు కింది వాకిట్లోకి దిగింది. మెడ చుట్టూ గాయం మానిన చోట బొచ్చు తెల్లగా మొలిచింది. అది చూసినప్పుడల్లా దాన్ని పెంచినామె తన చూపుడువేలు ముడుచుకుంటుంది. ఇప్పటికీ అంతే.

పని ఒడిసిందని ఆయన చాయ్ తాగడానికి వచ్చిన రోజు, నన్ను కూడా పిలిచారు. చాయ్ తాగుతూ, "మేడం, మీకు తెలుగు టైపు వస్తదా?" అని అడిగారు. అలా మొదలైంది. సంస్థకి పంపే రిపోర్టులు ఆయన చెప్పడం, నేను టైపు చెయ్యడం. విశేషణాలు పడనిచ్చేవారు కాదు. 'దారుణంగా' అని కొడితే, "ఎంత పొడుగు గొలుసో రాయుండ్రి, చాలు" అనేవారు. లడ్డు గురించి ఆయన రాయించిన చివరి మూడు వాక్యాలు నాకు నోటికొచ్చు. యజమాని తప్పు ఉంది. ఇరుగుపొరుగు తప్పు ఉంది. కుక్క తప్పు లేదు.

ఇదంతా విని ఆయన మెత్తటి మనిషి అనుకోవద్దు. ఆయన గట్టితనం నేను దిల్‌సుఖ్‌నగర్ వెనకవీధిలో చూశాను. అక్కడ ఒక మూడంతస్తుల ఇల్లు. ఆ ఇంటాయన రాణి అనే ఆల్సేషన్ కుక్కను ప్లాస్టిక్ పైపుతో కొడతాడని, పక్క హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయిలు ఫోన్ చేశారు. ఈయన మామూలుగానే మూడుసార్లు వెళ్ళి చూశారు. మూడోసారి నేనూ ఉన్నాను. గేటు లోపల ఆ కుక్క మమ్మల్ని చూసి మొరగలేదు. ఇంటాయన చెయ్యెత్తి జుట్టు సర్దుకుంటే పొట్ట నేలకి ఆనించి పాకింది.

"నా కుక్క. నా ఇష్టం. నువ్వెవనివి?" అన్నాడతను.

"కుక్క మీదే సార్. కొట్టుడు మాత్రం మీ ఇష్టం గాదు. దానికి కానూన్ ఉంది."

"ఏం చేస్కుంటవో చేస్కో."

"చేస్త సార్" అన్నారాయన, అదే గొంతుతో.

అక్కడి నుంచి సరాసరి పోలీసు స్టేషనుకి వెళ్ళాం. మనుషుల కేసులకే దిక్కులేదు, కుక్క కేసా అని నవ్వారు. ఆయన బెంచీ మీద కూర్చున్నారు. సాయంత్రం దాకా కూర్చున్నారు. మర్నాడు మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. అరవలేదు, ఎవరితోనూ ఫోన్ చేయించలేదు. గంటకోసారి లేచి, "సార్, నాది ఒక దరఖాస్తు ఉంది" అని గుర్తుచేసి కూర్చునేవారు. మూడో రోజు విసిగిపోయి తీసుకున్నారు. హాస్టల్ అమ్మాయిలు సాక్ష్యం చెప్పారు. కేసు కట్టారు. రాణిని అల్మాస్‌గూడలో పెరడున్న ఒక కుటుంబానికి ఇప్పించారు. మేము దాన్ని తీసుకెళ్తుంటే పై అంతస్తు కిటికీ పరదా పక్కకి జరిగింది. ఒకామె, ఆమె చంకన చిన్నపాప. మేము చూడగానే పరదా మూసుకుంది. నాకైతే అంతటితో ఆ ఇంటితో పని అయిపోయింది. గెలిచామన్న సంతోషంలో ఆ సాయంత్రం మిర్చిబజ్జీలు తిన్నాను. ఆయన బజ్జీ చేతిలో పట్టుకుని, తినకుండా ఏదో ఆలోచిస్తూ నిలబడ్డారు. అలసిపోయారనుకున్నాను.

మంగళవారం పదకొండో రోజుకి లడ్డు వాళ్ళమ్మా, నేనూ కలిసి ఆటోలో వెళ్ళాం. రెండు గదుల ఇల్లు. ముందు షామియానా. ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. ఎవరూ ఎవరికీ చుట్టాల్లా లేరు. పక్కనున్నామె లడ్డు వాళ్ళమ్మను, "మీ ఇంటికి దేని మీద వచ్చిండు సారు?" అని అడిగింది. ఈమె చెప్పింది. అటుపక్కామె తమ కుక్క సంగతి చెప్పింది, కాలు విరిగితే పట్టించుకోలేదని ఫిర్యాదు వచ్చిందట. అప్పుడు తెలిసింది నాకు. అక్కడున్నవాళ్ళలో ఫిర్యాదు చేసినవాళ్ళు దాదాపు లేరు. ఆయన ఎవరి గేటు ముందు నిలబడి తప్పు నీదే అన్నారో వాళ్ళే వచ్చారు.

మూలన ఆరేడేళ్ళ పాపతో కూర్చున్న ఒకామె నన్నే చూస్తోంది. కాసేపటికి జరిగి నా పక్కకొచ్చింది.

"రాణిని తీస్కపోయినప్పుడు సార్ ఎంబడి మీరే గద ఉన్నది?"

పరదా వెనక మొహం. గుర్తుపట్టి తల ఊపాను. ఆమె భర్త మీద దరఖాస్తు టైపు చేసింది నేనే.

"కుక్కను తీస్కపోయినంక గూడ సార్ వస్తుండె" అంది. "నెలకోపారి. మా ఆయన గేటు తియ్యకపోతుండె. బైటనే నిలబడి మంచినీళ్ళు అడుగుతుండె. పొమ్మన్న పోకపోతుండె. ఇగ నన్నే తెచ్చియ్యమనెటోడు మా ఆయన. గ్లాసు అందుకోని, తాగినంతసేపు నా మొకం, నా చేతులు చూసెటోడు. 'మంచిగున్నవా బిడ్డా?' అనెటోడు. మంచిగున్న అనేదాన్ని. గ్లాసిచ్చి పోయెటోడు. ఏడాదిన్నర గట్లనే."

"తర్వాత?"

"ఒకనాడు మంచిగలేను అన్న." ఆమె పాప జుట్టు సరిచేసింది. "మా ఆయన ఇంట్ల లేడు ఆయాల్ల. 'ఏడికి పోతవు?' అన్నడు సార్. సూర్యాపేట కాడ మా అమ్మగారిల్లు అన్న. 'పా' అన్నడు. గంతే. ఎందుకు, ఏంది, ఏమడగలె. పాపను ఎత్తుకోని కట్టుబట్టలతోని ఆయన ఎన్క నడిసిన. ఎల్బీ నగర్ల బస్సెక్కిచ్చిండు. ఇప్పుడు మా ఊర్లనే అంగన్వాడిల చేస్తున్న."

నాలుగేళ్ళలో ఆయన నాతో ఈ మాట ఎప్పుడూ అనలేదు. ఇది టైపు చెయ్యమనలేదు.

లోపలి నుంచి సార్ వాళ్ళావిడ వచ్చి, అందరినీ భోజనానికి లెమ్మంది. పాప తల్లి లేస్తూ, బిడ్డ చెయ్యి పట్టుకుని, మళ్ళీ ఆగింది.

"బస్సు కదిలెదాక ఆడ్నే నిలబడ్డడమ్మా" అంది. "నేను కిటికీలకెల్లి చూస్తనే ఉన్న. చెయ్యి ఊపుతడేమో అనుకున్న. ఊపలె. జేబులకెల్లి పెన్ను తీసి, బస్సు నంబరు అరచేతిల రాసుకుంటున్నడు."